మగ్గం మీది పూవు

మహాభారతంలోని ఉదంకుని కథ తెలుగు పాఠకులకు నన్నయభట్టు కాలం నుండి పరిచితమైనదే. గురుపత్ని కోరిన కుండలాలను తక్షకుడు అపహరించగా, వాటిని వెదకుచు నాగలోకానికి పోయిన ఉదంకునికి అచట ఒక వింత దృశ్యం కానవచ్చినది. ఇద్దరు స్త్రీలు తెల్లని నూలు, నల్లని నూలు కలిపి వస్త్రం నేయుచున్నారు. పన్నెండు ఆకులు గల ఒక చక్రాన్ని ఆరుగురు కుమారులు త్రిప్పుచున్నారు. ఆ స్త్రీలు ధాత, విధాత అనీ, తెలుపు నలుపు నూళ్ళు పగలు రాత్రులనీ, చక్రం సంవత్సరమనీ, కుమారులు ఋతువులనీ తరువాత గురువు అతనికి వివరించినాడు. కాలాన్ని గూర్చి చెప్పవలసి వచ్చినప్పుడు వ్యాసునికి మగ్గం కంటె తగిన వస్తువు మరొకటి కనిపించలేదన్నమాట.

వ్యాసుడొక్కడే కాదు. కార్యకారణ సంబంధాన్ని చర్చించేటప్పుడు నైయాయికులు తంతువులను, పటాన్ని ఉదాహరణగా తీసుకొన్నారు. పోగుల కంటె వేరుగా వస్త్రమనే పదార్థం ఒకటి ఉన్నదా, లేక పోగుల కూర్పుకే వస్త్రమని పేరా అన్న వివాదం శతాబ్దాల పాటు సాగినది. కాశీలో జులాహాల ఇంట పెరిగిన కబీరు మానవదేహాన్ని సన్నగా నేసిన దుప్పటితో పోల్చినాడు. కాని కబీరు సంగతి వేరు. ఆయన మగ్గం ముందు కూర్చున్నవాడు. తక్కినవారు మగ్గం ప్రక్కగా నడచిపోవుచు అచటి నుండి ఒక ఉపమానాన్ని చేత పట్టుకొని పోయినవారు. అందుకు ఏ సాలెవాని అనుమతిని వారు అడుగలేదు. అడుగవలెనని వారికి తోచనూ లేదు.

ఈ వ్యవహారానికి రెండవ ప్రక్క ఒకటి ఉన్నది. మగ్గం నుండి లోకం తీసుకొన్నది సరే, లోకం నుండి మగ్గం తీసుకొన్నది ఏమిటి? వస్త్రశిల్పికి ప్రేరణ ఎచట నుండి వచ్చినది? దీనికి సిద్ధంగా ఉన్న సమాధానం అందరికీ తెలిసినదే: ప్రకృతి నుండి, తక్కిన కళల నుండి, నిత్యజీవితం నుండి. ఈ సమాధానం అసత్యం కాదు. అయితే ఇది, దొంగ ఏ ఏ వీధులలో తిరిగినాడో చెప్పి, ఏమి తీసుకొన్నాడో, బదులుగా ఏమి విడిచిపెట్టి వచ్చినాడో చెప్పని వాఙ్మూలం వంటిది. దొంగ అన్న మాట పరుషంగా తోచవచ్చును. దానిని సవరించుకొనవలెనో లేదో విచారణ ముగిసిన పిమ్మట చూచుకొనవచ్చును.

ప్రకృతిని గూర్చి ముందుగా విచారించడం న్యాయం. అందులోను కాశ్మీరపు శాలువను గూర్చి. ఎందుకనగా పూవు వస్త్రంలోకి వచ్చిన మార్గం ఇంత స్పష్టంగా కనబడే ఉదాహరణ మరొకటి అరుదు. 1620 వసంతంలో జహంగీరు చక్రవర్తి కాశ్మీరానికి వెళ్ళినాడు. ఆ లోయలోని పూలను చూచి మురిసిపోయి, తన ఆస్థాన చిత్రకారుడు మన్సూరు నూటికి మించిన పూలను చిత్రించినాడని తన స్మృతులలో వ్రాసుకొన్నాడు. ఆ శతాబ్దంలోనే, వేరుతో సహా పెకలించి తెచ్చినట్లు ఒంటిగా నిలిచి, కొన మీది పూవు బరువుకు కొంచెం వంగిన ఒక మొక్క మొగలు కళ అంతటా కనిపించసాగినది. చిత్రపటాల అంచులలో అది ఉన్నది. తాజమహలు గోడల పాలరాతి మీద అది ఉన్నది. కాశ్మీరపు శాలువల కొంగులలో వరుస తీరి నిలిచినదీ అదే. పారసీకంలో దానికి బూటా అని పేరు; మొక్క అని అర్థం.

కాబట్టి శాలువ మీది పూవు తోట నుండి నేరుగా వచ్చినది కాదు. తోటకును మగ్గానికిని నడుమ ఒక చిత్రకారుడు ఉన్నాడు. ఆ చిత్రకారుని ముందు ఐరోపా నుండి వచ్చిన ఓషధీ గ్రంథాల ముద్రణ చిత్రాలు ఉండెనని కళాచరిత్ర పరిశోధకులు నిరూపించినారు. ప్రకృతి నుండి ప్రేరణ పొందినారని చెప్పే సందర్భాలలో చాలా వాటికి ఇదే గతి. ఎవరో ఒకరు ముందుగా చూచి చూపించిన ప్రకృతినే తరువాతివారు చూస్తారు.

మగ్గం చేరిన తరువాత ఆ పూవుకు జరిగినది మరింత విచిత్రం. చిత్రకారుని కుంచె ఎటు కావలెనన్న అటు తిరుగుతుంది. నేతగానికి ఆ స్వేచ్ఛ లేదు. పడుగు నిలువుగా, పేక అడ్డంగా ఉంటవి. వంపు అన్నది చిన్న చిన్న మెట్లుగా మాత్రమే సాధ్యం. ఒక రేకు ఎన్ని పోగుల మీద నిలుచునో లెక్కించి గాని దానిని నేయుటకు వీలు లేదు. పదునేడవ శతాబ్దంలో వేరుతో నిలిచిన ఒంటి మొక్క పదునెనిమిదవ శతాబ్దంలో ఒత్తైన పూగుత్తి అయినది. కుండీలో పెట్టిన చెండు అయినది. పందొమ్మిదవ శతాబ్దం వచ్చేసరికి రేకులు, ఆకులు అన్నీ ఒక గీతలో అణగిపోయి, కొన వంగిన ఒక నిండు ఆకారం మిగిలినది. ఇందులో మన్సూరు చూచిన పూవు ఎచట ఉన్నది? ఎచటనూ లేదు. అయినను ప్రతి తరంవారు ముందు తరంవారు నేసినదానినే చూచి, కొంచెం మార్చి, నేసినారు. భారతీయ శిల్పశాస్త్రంలో సాదృశ్యం అనే మాటకు అర్థం వస్తువును ఉన్నది ఉన్నట్లు దించడం కాదని ఆనంద కుమారస్వామి 1934లో వెలువరించిన గ్రంథంలో విపులంగా వాదించినాడు. వస్త్రం విషయంలో ఆ వాదానికి శాస్త్రప్రమాణం కూడ అవసరం లేదు. పోగులే ఆ పని చేయిస్తవి.

ఆ కొన వంగిన ఆకారానికి వచ్చిన పేర్లను గమనించవలెను. పంజాబులో దానిని అంబీ అన్నారు. హిందీ ప్రాంతాలలో కైరీ అన్నారు. కైరీ అనగా పచ్చి మామిడికాయ. తెలుగుదేశంలో అది మామిడి పిందె. పట్టుచీర అంచులో, ఆడపిల్ల మెడలోని హారంలో, వాకిట ముగ్గులో అది మామిడి పిందె తప్ప మరొకటి కానేరదు. శ్రీనగరపు చలిలో మామిడిచెట్టు బ్రతుకదు. ఆ ఆకారాన్ని తీర్చినవారిలో మామిడి పిందెను చూడనివారే ఎక్కువమంది అయి ఉందురు. అయితే ఆ పేరు తప్పా? తప్పనడం కష్టం. చైత్రమాసంలో పెరటిలో రాలిన పిందెను ఏరుకొన్న ఇల్లాలు దానిని వస్త్రం మీద గుర్తించినది. చూచేవారి నిత్యజీవితం కూడ వస్త్రంలోనికి ప్రవేశిస్తుంది. అది నేసేవారి గుత్తసొత్తు కాదు.

ఇంతవరకు విచారణ సుఖంగానే సాగినది. నైతికమైన చిక్కు ఇచట మొదలవుతుంది. ఆ పూవును ఎవరు చూచినారు?

విలియం మూర్‌క్రాఫ్ట్ అనే ఆంగ్లేయుడు 1822-23లో కాశ్మీరంలో ఉండి శాలువల పరిశ్రమను శ్రద్ధతో పరిశీలించి వ్రాసిపెట్టినాడు. నక్కాషు అనే చిత్రకారుడు మొదట నమూనాను గీస్తాడు. మరొకడు ఆ నమూనాను చూచి, క్రింది నుండి పైకి వరుసవరుసగా, ఏ రంగు నూలు ఎన్ని పోగుల మీదుగా పోవలెనో పలుకుతాడు. తాలీము గురువు అనే మూడవవాడు ఆ పలుకులను ఒక ప్రత్యేకమైన సంకేతలిపిలో కాగితం మీద వ్రాస్తాడు. ఆ కాగితం మగ్గం వద్దకు వస్తుంది. నేతగాని ముందు పూవు బొమ్మ ఉండదు. ఈ లెక్క మాత్రమే ఉంటుంది. రంగు రంగుల నూలు చుట్టిన చిన్న కొయ్యపుల్లలను, ఒక్కొక్క వరుసకు పదులకొలది, కొన్ని శాలువలలో వందలకొలది, అతడు ఆ లెక్క ప్రకారం పోగుల నడుమ దూర్చి తీస్తాడు. అన్నిటి కంటె ఆశ్చర్యకరమైన విషయం మరొకటి. మగ్గం మీద వస్త్రపు ముఖం క్రిందికి ఉంటుంది. నేతగాడు పని చేసేది వెనుక ప్రక్కన. ముడులు, తెగిన కొనలు, అడ్డదిడ్డంగా దాటిన పోగులు అతనికి కనబడతవి. పూవు నేల వైపు వికసిస్తుంది.

ఇది ఒక పద్ధతి మాత్రమే, దీనిలో అన్యాయం ఏమున్నది అని అడుగవచ్చును. సంగీతంలో కూడ కీర్తన కట్టినవాడు ఒకడు, పాడేవాడు మరొకడు. పాడినవానికి ప్రేరణ లేదని ఎవరూ అనరు కదా. ఆలోచింపదగిన ఆక్షేపణయే ఇది. చేతిలోని నూలు లెక్క తప్పకుండ సాగుచున్నప్పుడు అందులో ఒక లయ ఉంటుందనీ, ఆ లయలో ఒక ఆనందం ఉంటుందనీ నేత తెలిసినవారు ఎరుగుదురు. కాని గాయకుడు పాట నచ్చకపోతే మానుకొనగలడు. కాశ్మీరపు శాలువ నేతగానికి మానుకొనే హక్కు లేకపోయినది. 1776 నుండి 1783 వరకు కాశ్మీరాన్ని పాలించిన ఆఫ్ఘను సుబేదారు హాజీ కరీందాదుఖాను శాలువల మీద దాగు అనే ముద్ర పన్ను విధించినాడు. తరువాత వచ్చిన ప్రభువులు మారినారు గాని పన్ను పోలేదు, పెరిగినది. 1846 నాటి అమృతసరు సంధి ప్రకారం, కాశ్మీరం పొందిన గులాబుసింగు బ్రిటిషు ప్రభుత్వానికి ఏటేటా చెల్లించవలసిన కప్పంలో మూడు జతల శాలువలు కూడ చేరినవి. నేతగాడు వృత్తి విడిచి వేరొక పని చేసుకొనుటకు వీలు లేదు. ఊరు విడిచి పోవుటకు వీలు లేదు. పన్నుకు, కార్ఖానాదారుని బాకీకి పోగా మిగిలినది తిండికి చాలదు.

1865 ఏప్రిలు 29న శ్రీనగరంలో శాలువ నేతగాండ్రు పన్నుల అధికారికి వ్యతిరేకంగా గుంపుగా బయలుదేరినారు. జాల్‌డగరు వద్ద వారిని సైన్యం చుట్టుముట్టినది. ప్రాణభీతితో పరుగెత్తిన జనం ఇరుకైన వంతెన మీద నుండి కాలువలో పడిపోయినారు. 28 మంది మరణించినట్లు చరిత్రకారులు వ్రాసినారు. చెరసాలలో పోయినవారు వేరు. ఐదారు సంవత్సరాలు తిరుగకముందే, 1870-71లో ఫ్రాన్సుకు, ప్రష్యాకు జరిగిన యుద్ధంతో ఐరోపాలో శాలువల బేరం పడిపోయినది. 1877 నుండి 1879 వరకు కాశ్మీరాన్ని పీడించిన మహాక్షామం మిగిలిన నేతగాండ్రలో చాలామందిని బలిగొన్నది.

ప్రదర్శనశాలలో అద్దపు పెట్టె వెనుక ఉన్న శాలువను చూచి, ప్రకృతిసౌందర్యం నుండి ఎంత గొప్ప ప్రేరణ పొందినారో అని మెచ్చుకొనేవారు ఈ సంగతిని మరచిపోవచ్చునా? ఆ శాలువను నేసినవానికి జీలం ఒడ్డున ఒక జాము సేపు ఊరక కూర్చుండి పూవును చూచే తీరిక ఉండెనా? సౌందర్యాన్ని చూచినవాడు ఒకడు, దానిని లెక్కగా మార్చినవాడు మరొకడు, చీకటి గదిలో వెనుక ప్రక్క నుండి పోగు పోగుగా కట్టినవాడు ఇంకొకడు, కప్పుకొన్నది వేరొకరు అయినప్పుడు, ప్రేరణ అనే ఒకే మాటను ఇందరికీ పంచి పెట్టడం న్యాయమా? అట్లని ఆ శాలువ అందం అబద్ధమనడానికి కూడ మనసు ఒప్పదు. అందం నిజం, ఆకలి నిజం. ఒకటి రెండవదానిని క్షమించదు.

ఈ కథలో స్కాట్లాండుకు ఒక పాత్ర ఉన్నది. గ్లాస్గో సమీపంలోని పెయిస్లీ అనే ఊరు పందొమ్మిదవ శతాబ్దపు ఆరంభం నుండి కాశ్మీరపు శాలువలకు అనుకరణలు నేసి చౌకగా అమ్మినది. అవి ఎంతగా వ్యాపించినవనగా, బూటాకు, అంబీకి, మామిడి పిందెకు పాశ్చాత్యదేశాలలో పెయిస్లీ అన్నదే పేరుగా స్థిరపడిపోయినది. మొక్క పోయినది, మామిడి పోయినది. ఒక నేత పట్టణం పేరు మిగిలినది. ఇది అపహరణమని వెంటనే తీర్పు చెప్పాలనిపిస్తుంది. ఆ తీర్పులో కొంత నిజం ఉన్నది. కాని పెయిస్లీలో మగ్గం ముందు కూర్చున్నవాడు కూడ కూలివాడే. 1840ల ఆరంభంలో అచటి వ్యాపారం కుప్పకూలినప్పుడు వేలాది నేత కుటుంబాలు అన్నానికి లేక అలమటించినవి. కాశ్మీరపు నేతగాని కూడును పెయిస్లీ నేతగాడు తిన్నాడని చెప్పడం సులభం; తిన్నదానిలో అతనికి దక్కినది ఎంత అన్నది వేరొక ప్రశ్న.

మన దేశంలో 1999లో చేసిన భౌగోళిక గుర్తింపుల చట్టం 2003 సెప్టెంబరు నుండి అమలులోకి వచ్చినది. కాశ్మీరపు కానీ శాలువకు, పోచంపల్లి ఇక్కత్తుకు, ఉప్పాడ జాందానీకి ఆ రక్షణ లభించినది. మంచిదే. అయితే చట్టం ఊరి పేరును కాపాడగలదు. ఊరిలో మొదట చూచినవాని పేరును గాని, నేయుచున్నవాని కూలిని గాని అది ఎరుగదు.

ఇక నిత్యజీవితం. ఇచట దృశ్యం పూర్తిగా మారుతుంది.

వంగదేశపు కాంథా మన బొంతకు తోబుట్టువు. చినిగిన చీరలు, పంచెలు రెండు మూడు పొరలుగా పరచి, పాత చీర అంచుల నుండి లాగిన రంగు దారాలతో, సూది పైకి క్రిందికి ఎక్కి దిగుచు పోయే సాదా కుట్టుతో వాటిని కలిపి కుట్టినది కాంథా. నడుమ ఒక పద్మం, నాలుగు మూలల నాలుగు చెట్లు సామాన్యంగా ఉంటవి. మిగిలిన చోటంతా కుట్టినదాని ఇష్టం. దువ్వెన, అద్దం, అడకత్తెర, పల్లకి, చేపలు, ఏనుగులు అందులోకి వచ్చినవి. పందొమ్మిదవ శతాబ్దంలో తుపాకి పట్టిన సిపాయి, రైలుబండి కూడ వచ్చినవి. వంగీయుల జానపదకళలను జీవితమంతా సేకరించిన గురుసదయ దత్తు అనే సివిలు ఉద్యోగి చేర్చిన కాంథాలలో ఖుల్నా ప్రాంతపు మానదాసుందరి తన తండ్రి కొరకు కుట్టిన కాంథా ఒకటి ఉన్నది. అందులో ఆమె తన పేరును కూడ దారంతో వ్రాసుకొన్నది. కాశ్మీరపు శాలువలను వేలాదిగా నేసినవారిలో ఎందరి పేర్లు లోకానికి తెలుసునో ఆలోచిస్తే, పాత గుడ్డ మీది ఈ ఒక్క సంతకం విలువ బోధపడుతుంది.

కవి జసీముద్దీను 1929లో ప్రకటించిన కథాకావ్యం నక్షీ కాంథార్ మాఠ్ ఈ కుట్టునే ఆధారం చేసుకొన్నది. తగవులో చిక్కుకొని భర్త రూపాయి ఊరు విడిచిపోగా, సాజు తమ ఇద్దరి కథను మొదటి నుండి కాంథా మీద కుట్టుతుంది. తాను చనిపోయిన పిమ్మట ఆ కాంథాను తన సమాధి మీద పరచుమని తల్లిని కోరుతుంది. ఈ కథలో ప్రేరణ ఎచట ఉన్నది అని అడిగితే ప్రశ్నయే అసంగతంగా వినబడుతుంది. ఆమెకు ప్రేరణ బయట నుండి రాలేదు. చెప్పుకొనుటకు ఎవరూ లేని మాట సూదిలోకి వచ్చినది, అంతే.

అయితే కాంథాను పొగిడేవారు సాధారణంగా ఒక మాటను దాటవేస్తారు. అది చింకిగుడ్డ. కొత్త గుడ్డ కొనగలిగిన ఇంట అది ఆ రూపంలో పుట్టి ఉండేది కాదు. చదువు, కాగితం, కలం అందుబాటులో ఉన్నట్లయితే ఆ స్త్రీలలో కొందరైనా తమ కథను వేరొక విధంగా చెప్పి ఉండెడివారు. లేమిని కళకు కారణంగా చూపి లేమినే కీర్తించే అలవాటు పట్టణాలలోని రసజ్ఞులలో ఉన్నది. అది కాశ్మీరపు శాలువను చూచి నేతగానిని మరచిపోవడం కంటె మెరుగైన అలవాటేమీ కాదు.

పంజాబు స్త్రీల ఫుల్కారీలో నిత్యజీవితం మరొక తీరుగా ప్రవేశించినది. ముతక ఖద్దరు మీద, మెలి వేయని పట్టుదారంతో, పోగులు లెక్కించి కుట్టే పని అది. ఖద్దరు కనబడకుండ గుడ్డ అంతా కుట్టితే దానిని బాగ్ అంటారు. తోట అని అర్థం. అందులోని నమూనాల పేర్లు చూస్తే తోట కంటె వంటిల్లే ఎక్కువగా కనబడుతుంది: మిరపకాయ, ధనియాలు, దోసకాయ, కోసుపూవు, చపాతీలు వత్తే వేలన్ కర్ర. బఠిండా, ఫరీదుకోట ప్రాంతాల సైంచీ ఫుల్కారీలలో పశువులు, నగలు, పల్లెలోని మనుషులు, రైలుబండి కూడ ఉంటవి. ఆ స్త్రీలు కూడ కాశ్మీరపు నేతగాని వలెనే గుడ్డను వెనుక ప్రక్క నుండి కుట్టుతారు. కాని వారి ముందు ఎవరో వ్రాసిన తాలీము కాగితం లేదు. లెక్క వారిదే, మిరపకాయ వారిదే. బాహ్యంగా చూస్తే రెండు పనులకు భేదం కొద్ది. తనకు తెలియని పూవును వెనుక నుండి కట్టడం వేరు. ఉదయాన చేతితో నూరిన మిరపకాయను మధ్యాహ్నం గుడ్డ వెనుక నుండి కుట్టడం వేరు.

తక్కిన కళల నుండి తీసుకోవడాన్ని గూర్చి శాస్త్రాలలోనే ఒక ప్రసిద్ధమైన సంవాదం ఉన్నది. విష్ణుధర్మోత్తర పురాణంలో వజ్రమహారాజు ప్రతిమాలక్షణం చెప్పుమని మార్కండేయుని అడుగుతాడు. చిత్రసూత్రం తెలియనివానికి ప్రతిమ తెలియదని మునీశ్వరుని సమాధానం. చిత్రానికి నృత్తం, నృత్తానికి వాద్యం, వాద్యానికి గీతం తెలియవలెనని ఆ గొలుసు సాగుతుంది. ఆ గొలుసులో నేత లేదు. ఆ లోపాన్ని శాస్త్రకారుల దృష్టిలోపంగానే భావించవలెను. ఎందుకనగా గుజరాతులోని పాటణం వద్ద రాణీ ఉదయమతి పదునొకొండవ శతాబ్దంలో నిర్మించిన దిగుడుబావి గోడల మీద చెక్కిన జాలపు నమూనాలను చూచినవారికి, ఆ ఊరి పటోలా పట్టుచీరలే గుర్తుకు వస్తవి. రాతిని చూచి నేతగాడు నేర్చినాడా, వస్త్రాన్ని చూచి శిల్పి చెక్కినాడా? ఒకే ఊరిలో బ్రతికినవారు ఒకరి పనిని ఒకరు చూడకుండ ఎట్లు ఉందురు? ఇట్టి చోట అప్పు ఎవరిదని అడగడం, ఒకే ఇంటిలోని అన్నదమ్ములలో ఎవరు ఎవరి నుండి మాట నేర్చినారని అడగడం వంటిది.

చంబా రుమాళ్ళలో మాత్రం అప్పు స్పష్టంగా ఉన్నది. హిమాలయపు చంబా సంస్థానంలో ఆస్థాన చిత్రకారులు సన్నని గుడ్డ మీద బొగ్గుతో రాసమండలాన్నో, కృష్ణలీలలనో, వేటనో గీసి ఇవ్వగా, అంతఃపుర స్త్రీలు పట్టుదారంతో వాటిని కుట్టినారు. దోరుఖా అనే ఆ కుట్టులో ముందు ప్రక్క, వెనుక ప్రక్క అన్న భేదం లేదు. ఎటు త్రిప్పినా అదే కృష్ణుడు, అదే గోపిక. చిత్రకారుని గీత కనుక ఈ రుమాళ్ళను సూదితో వేసిన చిత్రాలని విమర్శకులు శ్లాఘించినారు. అదే ప్రాంతంలో సామాన్య స్త్రీలు ఎవరి సాయం లేకుండ తామే గీసుకొని కుట్టిన రుమాళ్ళు కూడ ఉన్నవి. వాటిలో నెమలి గోపిక కంటె పెద్దది, రంగులు గాఢం, గీత తడబడుతుంది. వీటిని జానపదమని పేరు పెట్టి ప్రక్కకు నెట్టడం ఆనవాయితీ. ఆస్థానపు రుమాలు అందమైనదే, సందేహం లేదు. కాని ప్రేరణను గూర్చి తెలుసుకొనగోరేవాడు ముందుగా చూడవలసినది ఆ పెద్ద నెమలిని. గుడ్డ మీద నెమలి అంత పెద్దది కావలెనని ఒక మనిషికి తోచినది.

ఇపుడు దొంగ అన్న మాట దగ్గరకు తిరిగి రావచ్చును. ఇతరుల నుండి తీసుకోవడం అంతా దొంగతనమైతే లోకంలో ఒక్క చీర కూడ నిర్దోషిగా మిగలదు. అంతా స్వేచ్ఛ అయితే నేతగానికి అన్నం మిగలదు. ఈ రెండింటికి నడుమ గీత ఎచట గీయవలెను?

ఇక్కత్తును ఉదాహరణగా తీసుకొని చూడవలెను. నేయుటకు ముందుగానే నూలును లెక్క ప్రకారం కట్లు కట్టి రంగులో ముంచుతారు. కట్టిన చోట రంగు ఎక్కదు. తెలుగుదేశంలో చీరాల తేలియా రుమాళ్ళకు, పోచంపల్లి చీరలకు ఈ పద్ధతియే ప్రాణం. పాటణపు పటోలాలో పడుగు, పేక రెండింటికీ కట్లు కట్టి, నేసేటప్పుడు రంగు మీద రంగు పడేటట్లు సరిచూడవలెను. ఒక్క చీరకు నెలలు పడుతుంది. కట్టు క్రిందికి రంగు కొంచెం పాకడం వలన, పోగు ఒక వెంట్రుకవాసి జరగడం వలన, ఇక్కత్తులో ప్రతి ఆకారపు అంచు ఈక వలె కొంచెం చెదరి ఉంటుంది. ఆ చెదరు నేతగాడు ఉద్దేశించినది కాదు. అతని పద్ధతి విడిచిన జాడ. మిల్లు గుడ్డ మీద ఇక్కత్తు నమూనాను అచ్చు వేసేవారు ఆ చెదరును కూడ శ్రద్ధగా అచ్చు వేస్తారు. అచ్చులో గీత చెదరవలసిన కారణమేమీ లేదు. అయినను చెదరకపోతే కొనేవాడు ఇక్కత్తుగా గుర్తించడు. కారణం లేని ఫలితాన్ని, శ్రమ లేని శ్రమ గుర్తును తీసుకోవడం ఇది. చేతి మగ్గపు చీర ధర ఎందుకు అంత అని అంగడిలో అడిగే ప్రశ్న ఈ అచ్చుగుడ్డ నుండి పుట్టినది. దానికి సమాధానం చెప్పవలసిన భారం మాత్రం నేతగాని మీద పడినది.

దీనికి ప్రక్కగా మరొక ఉదాహరణను ఉంచి చూడవలెను. గుజరాతు పటోలాలు శతాబ్దాల పాటు ఓడలలో తూర్పు దీవులకు పోయినవి. నేటి ఇండోనేషియాలోని ఫ్లోరెస్, రోటీ మొదలైన దీవుల నేతగత్తెలు ఆ నమూనాలను తీసుకొన్నారు. వారు కూడ అడుగలేదు. కాని వారు తమ నూలుకు తామే కట్లు కట్టి, తమ రంగులలో ముంచి, తమ మగ్గాల మీద నేసినారు. అట్లు నేయుటలో పటోలా నమూనా వారి దేశపు నమూనాగా మారినది. పాటణపు సాల్వీ నేతగానికి అందువలన నష్టం కలుగలేదు; గౌరవమే కలిగినదని చెప్పవచ్చును. ఐరోపా వర్తకులు కూడ ఆ దీవులకే పటోలా అచ్చుగుడ్డలను తయారు చేసి అమ్మినారు. ఇరువురూ తీసుకొన్నది ఒకే నమూనాను. ఒకరు దానిని మరల మొదటి నుండి చూడవలసి వచ్చినది. రెండవవారికి చూడవలసిన పని లేకపోయినది.

కాబట్టి తీసుకొన్నదానికి శ్రమతో వెల చెల్లించినవాడు దొంగ కాడని తేల్చవచ్చునా? తేల్చవచ్చుననే అనిపిస్తుంది, కాని కాశ్మీరపు నేతగాడు అడ్డం వస్తాడు. అతని కంటె ఎక్కువ శ్రమ చెల్లించినవాడు ఎవడు? సంవత్సరం పైగా ఒక్క శాలువ ముందు కూర్చుండి కన్నులు పోగొట్టుకొన్నాడు. వెల అంతా అతడే చెల్లించినాడు. పూవు మాత్రం అతనిది కాలేదు. అచ్చు వేసేవాడు శ్రమ లేకుండ చూపును దోచుకొన్నాడు. దాగు పన్ను విధించినవాడు చూపు లేని శ్రమను దోచుకొన్నాడు. రెండవ దోపిడి మొదటిదాని కంటె పాతది. దానిని గూర్చి కళావిమర్శకులు మాట్లాడినది తక్కువ, బహుశ అది ఎంతో అందంగా ఉన్నందువలన.

ఢాకా మల్మలు సన్నదనాన్ని బట్టి వాటికి షబ్నమ్ అనీ, ఆబేరవాఁ అనీ పేర్లు పెట్టినారు. మొదటిది మంచు, రెండవది పారే నీరు. ఆ పేర్లు పెట్టినది నేతగాండ్రా, నవాబుల కొలువులోని రసికులా? పారసీకపు పేర్లు కావడం వలన రెండవదే సంభావ్యంగా తోస్తుంది. శీతలలఖ్యా నది ఒడ్డున తేమగాలిలో మాత్రమే తెగకుండ నిలిచే ఆ నూలును నేతగాడు తన భాషలో ఏమని పిలుచుకొన్నాడో వినగోరే రసికుడు ఆ కొలువులో ఉండెనా?

పంజాబులో మనుమడు పుట్టినప్పుడు నాయనమ్మ వరీ దా బాగ్ అనే ఫుల్కారీని మొదలుపెట్టడం పూర్వపు ఆచారం. అతనికి పెండ్లి అయి కోడలు ఇంటికి వచ్చిన నాటికి ఆమెకు కప్పుటకు అది సిద్ధం కావలెను. ఎర్రని ఖద్దరు, బంగారు రంగు పట్టుదారం; గుడ్డ అంతా చిన్న చిన్న వజ్రపు ఆకారాలతో నిండుతుంది. సంవత్సరాల తరబడి సాగే పని. అట్టి బాగ్‌లలో చాలావాటిలో ఏదో ఒక మూల ఒక చిన్న ముక్క మాత్రం వేరే రంగు దారంతో ఉంటుంది. అది దిష్టి తగులకుండుటకు అని పెద్దలు చెప్పుతారు. దారం చాలకపోయి ఉండవచ్చును. ఆ నాడు ఇంటిలో ఏదైనా జరిగి ఉండవచ్చును. ఆ ముక్కను తిరగవేసి చూస్తే, ఆమె చూచుచు కుట్టిన వెనుక ప్రక్కన, ఎర్రని ఖద్దరు మీద వరుసగా చిన్న చుక్కలు మాత్రం కనబడతవి.